తెరుచుకోని తలుపుకు మూత మాట

ముసురు, ఎనిమిదో రోజు

కొట్టు కాపలాదారు రోజూ నాలుగు ముక్కలు రాయాలని తెప్పలపేట కట్టుబాటు. సరే, రాస్తున్నాను. వాన పడుతోంది. నిన్నా పడింది, రేపూ పడుతుంది. ఇక్కడితో ఆపేసినా అడిగేవాళ్ళు లేరు గానీ, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళు నన్ను తిట్టుకుంటారు. ఆ భయంతోనే కొనసాగిస్తున్నాను.

పొద్దున్న మా తెప్ప అడుగు మూత తీసి చూశాను. తీసేముందు అలవాటుగా "మూస్తాను" అనుకున్నాను. డ్రమ్ముల్లో నీళ్ళు చేరలేదు. మూసేశాను. సముద్రం మీద డ్రమ్ముల తెప్పలపై ఇళ్ళు కట్టుకుని బతికే ఊరు మాది. ఒక్క మూత మర్చిపోతే ఒక ఇల్లు మునుగుతుంది. నేను పుట్టకముందు మూడో తెప్ప అలాగే మునిగింది. అప్పట్నుంచీ ఇక్కడ ఉప్పు జాడీ తియ్యాలన్నా ముందు "మూస్తాను" అనాల్సిందే. దాన్ని మూత మాట అంటాం. బడిలో పిల్లలు సంచి జిప్పు లాగుతూ కూడా అంటారు. మా పెళ్ళిలో పురోహితుడు కుంకుమ భరిణె తీస్తూ అన్నాడు.

ఇక ఉద్యోగం సంగతి. కొట్టు అంటే ఊరి జ్ఞాపకమంతా ఉన్న యంత్రం. ఎవరి రేషను ఎంత, ఏ తెప్పకి ఏ తాడు, ఏ పంపు ఎప్పుడు తిరగాలి, అన్నీ అందులోనే. ఎవరి సరుకుకి వాళ్ళకి అందులో ఒక గది. గదిలో కొత్తగా ఏదైనా రాసుకోవడానికి పెద్ద కరెంటు అక్కర్లేదు. గది ఖాళీ చేసి కడగడానికే బోలెడు కావాలి. ముసురులో సోలార్ ప్యానెళ్ళు ఇచ్చేది పంపులకీ వంటకీ బొటాబొటిగా సరిపోతుంది. అందుకని ఖాళీ చేసే పనులన్నీ "ఎండ వచ్చాక చేస్తాను" అనే మాటలుగా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. అదే ఎండ వరుస. ఎండ కాసి బ్యాటరీ ముల్లు పచ్చ గీత దాటిందంటే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆగకుండా జరిగిపోతాయి.

ముసురులో నా పని ఆ వరుసని చదువుతూ కూర్చోవడం. చదివి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అందులో ఒక్క మాట కూడా నేను ముట్టుకోకూడదు. పూర్వం ఎవరో కాపలాదారు తనకి నచ్చని మాటలు తుడిచేశాడట, అందుకని వరుసకి ముద్ర వేశారు. మాట ఇచ్చినవాళ్ళే వచ్చి, ఊరి జనం ముందు కొట్టు కౌంటరు పలక మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోవాలి. నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు. మూత మాట వెనక్కి తీసుకున్నవాడికి ఈ ఊళ్ళో పిల్లనివ్వరు.

మధ్యాహ్నం మైకులో లోవరాజు, మా వాతావరణం మనిషి, మొదలుపెట్టాడు. "ఆయ్, తెప్పలపేట వాసులందరికీ నమస్కారమండి. ఇవాళ కూడా ఎండ లేదండి. నన్ను తిట్టుకోకండి, మబ్బులు నేను తేలేదండి." బట్టలు ఆరక ఊరంతా కంపు కొడుతోంది. నాకున్న పొడి చీర ఒక్కటే.

ముసురు, తొమ్మిదో రోజు

వరుస చదువుతూ ఒకచోట ఆగిపోయాను. బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే పేర్రాజు మావయ్య ముద్రతో ఒక మాట ఉంది, ఎండ రాగానే గది ఖాళీ చేస్తానని. గది నంబరు చూస్తే తాయారత్తది. ఆ గది తెరిచి ఇచ్చింది నేనే, నంబరు మర్చిపోతానా?

తాయారత్త అంటే మంగతాయారు, మా నాన్నకి చెల్లెలు. తుఫానులో తెప్పల తాడు లాగుతూ కుడి చెయ్యి పోగొట్టుకుంది. తర్వాత పెట్టిన నల్ల ప్లాస్టిక్ చేతిని అందరం ఇప్పటికీ కొత్త చెయ్యి అంటాం గానీ, అది పాతబడి చాలా ఏళ్ళయింది. మొదట్లో ఆ చెయ్యి గ్లాసు పట్టుకుంటే పగిలేది. మనవరాలికి జడ వెయ్యబోతే పిల్ల ఏడుపు లంకించుకునేది. అత్త వదల్లేదు. రోజూ రేకుల కుండ ముందు కూర్చుని, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కాలే కుండ మీద లాగడం, పొరలా లేచిన రేకుని చిరగకుండా ఎత్తడం, ఆ చేతికి నేర్పింది. చిరిగిన రేకులు నేను ఎన్ని తిన్నానో. ఇప్పుడు పూతరేకులంటే ఊళ్ళో తాయారత్తే.

ఆ చేతిలో చోటు తక్కువ. నేర్చుకున్నదంతా కొట్టులో ఉంటుంది. ఏ పనికి కావలసింది ఆ పనికి అడిగి తెచ్చుకుంటుంది. ఆ గది కడిగేస్తే చెయ్యి మళ్ళీ మొదటి రోజు చెయ్యి అయిపోతుంది.

వానలో నాలుగు వంతెనలు దాటి వెళ్ళాను. "అత్తా, నీ గది ఖాళీ చేయమని ఎవరికైనా చెప్పావా?"

"నాకేం పిచ్చా?" అంది. మనవరాలి జడ వేస్తోంది. నల్ల వేళ్ళు పాయలు విడదీస్తూనే ఉన్నాయి. "ఎందుకే రత్నం, మొహం అలా పెట్టావు?"

చెప్పాను. జడ సగంలో ఆగింది. కాసేపు తన చేతినే చూసుకుంది.

"మళ్ళీ నేర్పాలంటే నావల్ల కాదే," అంది చివరికి. "అప్పుడు కోపం ఉండేది. ఆ కోపంతో నేర్పాను. ఇప్పుడు నాకు అంత కోపం కూడా లేదు."

మా అత్త నోట ఓటమి మాట వినడం నాకు అదే మొదటిసారి. అది విని నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీద చూపించాలో తెలియక వంతెన తాడుని తన్నుకుంటూ వచ్చేశాను.

అదే రోజు, దీపాలు పెట్టాక

మావయ్య మీద అనవసరంగా అనుమానపడ్డాను. ఆయనకి పాపం ఏమీ తెలియదు.

జరిగింది ఇదీ. మూతల పండగకి పిల్లల ముందు చెప్పాల్సిన ఉపన్యాసాన్ని సాధన చేద్దామని, మావయ్య బడి దగ్గర కొట్టుని అడగడానికి పెట్టిన కౌంటర్లో తాత్కాలికంగా ఒక గది అడిగాడు. పని అయ్యాక ఖాళీ చేసేసే గది. కానీ కరెంటు చాలక కొట్టులో ఖాళీ గదులన్నీ నిద్రలో ఉన్నాయి. తలుపు రాలేదు. రాలేదని యంత్రం చెప్పింది కూడా. ముసురులో అది చెప్పే సవాలక్ష ఫిర్యాదుల్లో అదొకటి అనుకుని ఆయన ఇంటికెళ్ళిపోయాడు.

తలుపు రాకపోతే మూసేదేముంది, ఖాళీ చేసేదేముంది? నిజమే. కానీ కొట్టు నడిపే కోడ్ రాసినవాళ్ళూ తెప్పలపేట వాళ్ళే. మాకు మూత మాట ముందు, తెరవడం తర్వాత. కోడ్‌లోనూ అలాగే రాశారు. ముందు "చేతిలో ఉన్న గదిని ఎండ వచ్చాక ఖాళీ చేస్తాను" అని వరుసలో మాట చేరుతుంది. ఆ తర్వాతే గది అడుగుతుంది. గది వస్తే కౌంటరు చేతిలో కొత్త నంబరు ఉంటుంది, అంతా సవ్యం. గది రాకపోతే చేతిలో అంతకుముందు వచ్చినవాళ్ళ నంబరే మిగిలిపోతుంది. ఖాళీ చేస్తానన్న మాట వెళ్ళి దానికి అంటుకుంటుంది. మావయ్యకి ముందు ఆ కౌంటర్ని అడిగింది తాయారత్త చెయ్యి, మనవరాలిని బడిలో దింపినప్పుడు గొడుగు ముడవడం ఎలాగో కనుక్కోవడానికి.

నిజం మూతలకైతే ఇది ఏ రోజూ తప్పు కాలేదు. మూసి ఉన్నదాన్ని ఇంకోసారి మూస్తే పోయేదేముంది? గట్టిగా ఇంకో నొక్కు నొక్కుతాం, అంతే. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. ఏ పరాయి ఊరివాడు రాసినా ఈ తప్పు చేసేవాడు కాదేమో. మా మంచి అలవాటే మమ్మల్ని ముంచింది.

ముసురు, పదో రోజు

నాకు తోచినవన్నీ చూశాను. అత్త గదికి నకలు తీద్దామంటే, కొత్త గది రావడం లేదు. వచ్చాక తియ్యమని మాట ఇద్దామంటే, అది వరుసలో చివర నిలబడుతుంది, అప్పటికి గది కడిగేసి ఉంటుంది. ప్యానెళ్ళ తీగ పీకేద్దామంటే పంపులు ఆగుతాయి, ఈ వానకి డ్రమ్ములన్నీ నిండుతాయి. వరుస మొత్తం పారేద్దామంటే ముసురులో ఊరు చెప్పుకున్న ప్రతి మాటా పోతుంది. మిగిలింది ఒకటే దారి, మావయ్య మాట వెనక్కి తీసుకోవడం.

పేర్రాజు మావయ్య మా మూత పెద్ద. ఊళ్ళో పిల్లలందరికీ మూత మాట నేర్పేది ఆయనే. మోకాళ్ళు పని చెయ్యకపోయినా, రోజూ కర్ర పట్టుకుని ఎవరో ఒకరి తెప్ప మీదకి వెళ్ళి అడుగు మూతలు తట్టి చూస్తాడు. విషయం చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మొత్తం విని తల అడ్డంగా ఊపాడు.

"అన్నానమ్మా మూస్తానని. అన్నాక అన్నట్టే."

"మావయ్యా, నువ్వు తెరవనేలేదు."

"ఆ మాట నా దగ్గర అనకు." కర్ర నేలకేసి తట్టాడు. "మూడో తెప్ప కాపలావాడు కూడా అదే అన్నాడు. మూత రాలేదనుకున్నానండి, అందుకే మూయలేదండి అన్నాడు. అది వచ్చింది. సందు పడింది. ఆ సందులోంచే నీళ్ళు ఎక్కాయి. మా అమ్మా, మా అన్నా ఆ తెప్ప మీద పడుకున్నారు. నన్ను ఆ పూట మా మేనత్త తీసుకెళ్ళింది కాబట్టి ఇలా నీకు సుద్దులు చెప్తున్నాను."

స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"అంతకుముందు రెండు మాటలు అనేవారు," అన్నాడు. "వచ్చింది, మూస్తాను. మూత చేతికి వచ్చిందని ఒక మాట, మూస్తానని ఒక మాట. మూడో తెప్ప పోయాక పెద్దలు మొదటి మాట తీసేశారు. వచ్చిందా రాలేదా అనే సాకే వద్దు, ముందే మూస్తానను అన్నారు. ఇన్నేళ్ళు పిల్లలకి అదే చెప్పి, ఇప్పుడు ఊరందరి ముందూ నిలబడి, నాది రాలేదండి, వెనక్కి తీసుకుంటానండి అనమంటావా?"

అనమనే అంటున్నాను. కానీ ఆ మనిషి మొహం చూస్తూ అనలేకపోయాను. వస్తూ వస్తూ దారిలో ఏడ్చాను. వాన పడుతుంటే ఏడవడంలో ఉన్న సుఖం అది, ఎవరికీ కనపడదు.

ముసురు, పదకొండో రోజు

లోవరాజు గొంతు ఇవాళ హుషారుగా ఉంది. "ఆయ్, శుభవార్తండి. రేపు మధ్యాహ్నం దాటాక ఎండ వస్తాదండి. నాది పూచీ." ఊరంతా చప్పట్లు. పక్క తెప్పలో ఎవరో పళ్ళెం వాయించారు. ఎండ వద్దని మొక్కుకుంటున్నది ఊరు మొత్తానికి నేనొక్కదాన్నే. లోవరాజు పూచీ ఎప్పుడూ నిలబడదు, ఈసారి కూడా నిలబడకూడదని కోరుకున్నాను.

అత్తకి మావయ్య చెప్పిందంతా చెప్పాను. వెంటనే గొడుగు తీసుకుంది. "పద. బావగారి ఇంట్లో టీ తాగి చాలా రోజులైంది."

ఆయన మమ్మల్ని చూసి ఇబ్బంది పడ్డాడు గానీ, మర్యాద మనిషి, స్టవ్ మీద నీళ్ళు పెట్టాడు. గది గురించి అత్త ఒక్క ముక్క ఎత్తలేదు. మోకాళ్ళ గురించి అడిగింది, పండగకి ఎన్ని రేకులు కావాలని అడిగింది. టీ మరిగింది. మావయ్య బెల్లం డబ్బా అందుకుని, "మూస్తాను" అని మూత తిప్పాడు. అది కదల్లేదు. చెమ్మకి బెల్లం కరిగి మరల్లో అతుక్కుపోయింది. తువ్వాలు చుట్టి తిప్పాడు. పొట్టకి ఆనించుకుని తిప్పాడు. ఊహూ.

"ఇక మూయండి బావగారూ," అంది అత్త.

"ఏం మూయను? రానిదే."

అనేసి ఆగిపోయాడు. డబ్బా చేతిలోనే ఉంది. స్టవ్ మీద టీ పొంగుతుంటే నేనే వెళ్ళి ఆపాను.

"ఇదంతా మీరిద్దరూ కలిసి చేశారా?" అన్నాడు నాకేసి చూసి.

"బెల్లాన్ని నేను కరిగించలేదండీ. ముసురు కరిగించింది," అంది అత్త. ఆ తర్వాత వేళాకోళం మానేసింది. "బావగారూ, ఆ కాపలావాడు రాలేదనుకున్నాడు. మీరు వచ్చిందనుకున్నారు. ఇద్దరూ అనుకున్నారే గానీ ఎవరూ చూడలేదు. పెద్దలు తియ్యాల్సింది ఆ అనుకోవడాన్ని. చూడ్డాన్ని తీసేశారు."

అత్త చెయ్యి చాపింది. ఆయన డబ్బా ఇచ్చాడు. నల్ల వేళ్ళు మూత చుట్టూ నెమ్మదిగా సర్దుకున్నాయి, కాస్త వెనక్కి, కాస్త ముందుకి ఆడాయి. మూత కదిలింది. అత్త దాన్ని ఎత్తి లోపలికి చూసింది. "వచ్చింది," అంది. "మూస్తాను."

అత్త ఆ రెండు మాటలూ వరసగా అంటుంటే మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళమ్మ గొంతులో విన్నాడేమో, నేను అడగలేదు. బెల్లం వేసిన టీ మా ఇద్దరికీ ఇచ్చి, తను తాగకుండా, "వెళ్ళిరండమ్మా. నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి" అన్నాడు.

ముసురు, పన్నెండో రోజు

లోవరాజు మధ్యాహ్నం దాటాక అన్నాడు. పొద్దున్న టిఫిన్ల వేళకే మబ్బు చీలింది. వాతావరణం చెప్పేవాళ్ళని ఏమనాలో నాకు ఈ రోజు వచ్చినన్ని మాటలు ఎప్పుడూ రాలేదు, అవి ఇక్కడ రాయడం బాగుండదు.

కొట్టులో బ్యాటరీ ముల్లు కదలడం చూశాను. పచ్చ గీత అంత దూరంలో ఏమీ లేదు. పేర్రాజు మావయ్య తెప్ప ఊరికి ఆ చివర, వంతెనలు తడిగా ఉన్నాయి, ఆయన మోకాళ్ళు ఆయనవి. అసలు బయల్దేరాడో లేదో కూడా తెలియదు.

బయటికి వచ్చాను. ఊరంతా తెప్పల మీదే ఉంది, చేతుల్లో తడి బట్టల మూటలతో. ఏటా ఎండ వచ్చిన పూట నేను చేసే పని ఒకటే. ప్యానెళ్ళ మీద చీరలు ఆరెయ్యకండర్రా, కరెంటు పోతుంది అని అరుస్తూ తిరుగుతాను. ఆరేసినవాళ్ళ చీరలు లాగి నీళ్ళలో పారేసిన చరిత్ర కూడా నాకుంది.

లోవరాజు గదిలోకి వెళ్ళి మైకు లాక్కున్నాను.

"నేను నూకరత్నాన్ని మాట్లాడుతున్నాను. అందరూ మీ తడి చీరలూ పంచెలూ దుప్పట్లూ తీసుకెళ్ళి ప్యానెళ్ళ మీద పరవండి. ఒక్క ప్యానెల్ కూడా కనపడకూడదు. వేళాకోళం కాదు. తాయారత్త చెయ్యి పోతుంది."

కాసేపు ఎవరూ కదల్లేదు. నన్ను నమ్మాలో లేదో వాళ్ళకి అర్థం కాలేదు, అది నా తప్పే. అప్పుడు మా పక్కింటావిడ, పోయినేడు నేను ఆవిడ పట్టుచీర నీళ్ళలో వేశాక నాతో మాట్లాడటం మానేసినావిడ, ఒక దుప్పటి విదిలించి అందరికన్నా ముందు ప్యానెల్ మీద వేసింది. ఆ తర్వాత ఊరంతా వేసింది. ఎరుపూ పసుపూ నీలం, చంటిపిల్లల గుడ్డలూ దోమతెరలూ, అన్నీ ప్యానెళ్ళెక్కాయి. పరిగెత్తుకెళ్ళి చూస్తే ముల్లు గీత దగ్గరికి వచ్చి ఆగింది. వెనక్కి పోలేదు. పంపులకి సరిపడా వస్తోంది, అంతే. గుడ్డలు ఆరేకొద్దీ వెలుతురు దిగుతుంది. తాయారత్త నా పక్కకి వచ్చి నిలబడింది. ఇద్దరం వంతెన వైపే చూస్తున్నాం.

మావయ్య వచ్చాడు. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో తాడు, వంతెన వంతెనకీ ఆగుతూ వచ్చాడు. ఇద్దరు మగవాళ్ళు ఎత్తుకుంటామంటే కర్ర ఎత్తాడు, వాళ్ళు వెనక్కి తగ్గారు. తెల్లవారేసరికే బయల్దేరాడట. దారిలో రెండు తెప్పల దగ్గర అడుగు మూతలు తట్టి చూసుకుంటూ రావడం మాత్రం మానలేదు.

"మధ్యాహ్నం గంట కొట్టలేదు," అన్నాడు కౌంటరు దగ్గర రొప్పుతూ. "కట్టుబాటు ప్రకారం గంట కొట్టాక జనం ముందు చెప్పాలి."

"గంట జనాన్ని పోగెయ్యడానికి మావయ్యా. పోగయ్యారుగా."

తిరిగి చూశాడు. తెప్పల మీద, వంతెనల మీద, మెట్ల మీద ఊరు ఊరంతా ఉంది. ముందు వరసలో ఆయన బడి పిల్లలు. ఆయన పలక మీద చెయ్యి పెట్టాడు. రెండో చెయ్యి దాని మీద వేసి నొక్కి పట్టాడు.

"నేను గది అడిగాను. తలుపు రాలేదు. రాలేదని యంత్రం చెప్పినా నేను వినలేదు, చూడకుండా ఖాళీ చేస్తానన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను." ఊపిరి పీల్చుకుని పిల్లలకేసి తిరిగాడు. "మీకు నేను సగమే నేర్పాను. మిగతా సగం పండగ రోజు నేర్పుతాను."

వరుసలోంచి ఆ మాట తొలగిపోయింది. నేను రెండుసార్లు చూసుకున్నాను.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ గుసగుసలాడలేదు. చివరికి లోవరాజు ముందుకి వచ్చాడు, మెడ గోక్కుంటూ. "నాది కూడా రాలేదండి, మొన్న. పాటొకటి దాచుకుందామని గది అడిగాను. చెప్తే నవ్వుతారని చెప్పలేదండి." అతని వెనక ఇంకొకావిడ. ఆవిడ వెనక మా పక్కింటావిడ. వాళ్ళ ముద్రల పక్కనున్నవి ఇన్నాళ్ళూ నాకు వట్టి నంబర్లే, ఇప్పుడు ఎవరి గదులో వెతికి చూశాను. వాటిలో ఒకటి పంపులది. తలుపు రాలేదని ఎవరికీ చెప్పుకోలేక ఊరంతా ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఉందన్నమాట. అందరూ వరసగా వచ్చి, పలక మీద చెయ్యి పెట్టి, రాలేదు అని చెప్పి వెళ్ళారు. కొందరు చెప్పాక తేలిగ్గా నవ్వారు.

"ఇక తియ్యండి," అన్నాను మైకులో. చీరలన్నీ ఒక్కసారి లేచాయి. ముల్లు గీత దాటింది. కొట్టు ఫ్యాన్లు హోరెత్తాయి.

వరుస జరుగుతున్నంతసేపూ అత్త నా కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది, నల్ల చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఫ్యాన్లు సద్దుమణిగాక అడిగింది. "ఏవే, ఉందా?"

గది తెరిచాను. తలుపు వచ్చింది. లోపల అంతా ఉంది. కుండ మీద గుడ్డ లాగడం, జడ అల్లడం, గొడుగు ముడవడం, బెల్లం డబ్బా మూత తియ్యడం.

"ఉందత్తా," అన్నాను. ఈసారి వాన లేదు, అందరూ చూశారు నేను ఏడవడం. చూసుకోనీ.

ఎండ, రెండో రోజు

కోడ్ మార్చాను. మార్చింది కొద్దిగానే, ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి. ముందు కౌంటరు చేతిలో పాత నంబరు ఉంటే తుడువు. గది అడుగు. వచ్చిందో లేదో చూడు. రాకపోతే అక్కడే ఆగి, అడిగిన మనిషికి గట్టిగా చెప్పు, వరుసలో ఏమీ చేర్చకు. వచ్చాకే మూత మాట. ఇదే తప్పు కొట్టులో ఇంకా చాలాచోట్ల ఉంది. అన్నీ వెతికి మార్చడానికి వచ్చే ముసురు దాకా పడుతుంది. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇది చదువుతుంటే, ఎక్కడైనా ఒకటి నేను వదిలేసి ఉంటాను, చూడండి.

పక్కింటావిడకి ఒక పట్టుచీర కొనాలి. ఆవిడకి ఆకుపచ్చ ఇష్టమట.

ఎండ, ఐదో రోజు. మూతల పండగ

అత్త రేకుల కుండ ఎక్కించింది. మొదటి రేకు చిరిగింది. నా ప్రాణం పోయింది. "కుండ ఇంకా కాగలేదే, మొదటిది ఎప్పుడూ చిరుగుతాది," అని నా చేతిలో పెట్టింది. రెండోది కుండ మీంచి లేచింది, ఎండకి ఎదురుగా పట్టుకుంటే అవతల సముద్రం కనపడేంత పల్చగా. నల్ల వేళ్ళు దాన్ని నలగకుండా పరిచి, నెయ్యీ బెల్లం పొడీ చల్లి, మడత పెట్టాయి.

బడిలో మావయ్య ఉపన్యాసం చెప్పలేదు. పిల్లల చేతికి తలా ఒక డబ్బా ఇచ్చి తిప్పించాడు. కొన్ని వచ్చేవి, కొన్ని కావాలని బిగించినవి. రానివి పట్టుకున్న పిల్లలు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఎవరిది రాలేదో వాళ్ళే అందరికన్నా గట్టిగా అరవడం మొదలుపెట్టారు.

అంతా అయ్యాక అత్త ఆయనకి రేకుల డబ్బా ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అలవాటు కొద్దీ నోరు తెరిచాడు, ఆగాడు. మూత మీద బొటనవేలు ఆనించి మెల్లగా ఎత్తాడు. లోపలికి వంగి చూశాడు. తలెత్తి అత్త చేతికేసి చూశాడు.

"వచ్చింది మరదలా," అన్నాడు.

రెండో మాట కోసం పిల్లలందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు. ఆ నోట్లో అప్పటికే రేకు ఉంది. నమలడం అయ్యేదాకా ఆగమని వేలు చూపించి, ఇంకోటి తీసుకున్నాడు.